రెజిన్ గిన్నె వేరు, వాక్యూమ్ గిన్నె వేరు

చెక్కను గిర్రున తిప్పే లేత్ యంత్రం మీద పెన్నులు, కత్తి పిడులు, చదరంగం పావులు చెక్కేవాళ్ళు ఈ మధ్య మా అనంతపురం చుట్టుపక్కల కూడా కనిపిస్తున్నారు. పుచ్చు పట్టిన చెక్కలోంచి గాలి లాగేసి (దీన్నే వాక్యూమ్ పెట్టడం అంటారు), రెజిన్ అనే, వేడికి గట్టిపడే ద్రవాన్ని ఎక్కించి గట్టిపరచే పద్ధతి గురించి వీడియోల్లో చూసి, తామూ చెయ్యాలని ఉత్సాహపడుతున్నారు. వాళ్ళందరూ మొదట అడిగేది ఒకటే: "అన్నా, వాక్యూమ్ పెట్టేదానికి ఏ గిన్నె అయితే బాగుంటాది?" కుక్కరు పనికొస్తుందా, గాజు జాడీ చాలా, పెళ్ళిళ్ళలో వాడే పెద్ద స్టీలు గుండిగ కొనాలా అని.

ఇన్ని గిన్నెల పేర్లు చెబుతారు గానీ, అందరూ వెతికేది ఒకే గిన్నె కోసం. అదే రెజిన్‌ను పట్టుకోవాలి, అదే బయటి గాలి బరువును ఓర్చుకోవాలి, లోపలేం జరుగుతోందో అదే చూపించాలి, రేపు రంగు మార్చాలంటే అదే కడుక్కుని సిద్ధంగా ఉండాలి. ఇన్ని పనులు ఒక్కదానికే అప్పజెప్పడం వల్లే డబ్బు వృథా అవుతోంది, అక్కడక్కడా ప్రమాదమూ జరుగుతోంది. గాలి బరువు మోసే పాత్రను, రెజిన్ పట్టే పాత్రను విడదీయండి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు అసలు ఏం జరుగుతుందో చూద్దాం. ఎండిన చెక్కంటే సన్నటి గొట్టాల కట్ట. ఆ గొట్టాల్లో ఉన్నది గాలి. మామిడి దుంగ వానకు తడిసి కొన్నాళ్ళు నేలమీద పడి ఉంటే బూజు లోపలికి పాకుతుంది. ఒక్కో బూజు తన హద్దు గీసుకున్నట్టు నల్లటి గీతలు వేస్తుంది. చింతలో ఆ గీతలు ఇంకా అందంగా వస్తాయి. చూడటానికి ఎంత బాగుంటుందో, లేత్ మీద పెట్టి ఉలి ఆనిస్తే అంత పొడిపొడిగా రాలిపోతుంది. అలాంటి చెక్కను రెజిన్‌లో ముంచి, మూత పెట్టిన పాత్రలోంచి పంపుతో గాలి లాగేస్తే, చెక్కలో ఉన్న గాలి బుడగలుగా బయటికి వచ్చేస్తుంది. తర్వాత వాల్వ్ తెరిచి గాలిని వదిలితే, ఆ గాలి రెజిన్ మీద పడి దాన్ని ఖాళీ అయిన గొట్టాల్లోకి నెడుతుంది. ఆ తర్వాత ముక్కను తీసి, అల్యూమినియం రేకులో చుట్టి, సుమారు 90 నుంచి 95 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచితే రెజిన్ గట్టిపడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. బుడగలు వస్తున్నప్పుడే రెజిన్ లోపలికి పోతోందని అనుకుంటారు. ఆ సమయంలో గాలి బయటికి రావడమే తప్ప రెజిన్ పెద్దగా లోపలికి పోదు. పోయేదంతా వాల్వ్ తెరిచాకే. అందుకే గాలి వదిలాక ముక్కల్ని వెంటనే తీయకుండా, వాక్యూమ్‌లో ఉంచినంత సేపటికి కనీసం రెండింతలు రెజిన్‌లోనే నాననివ్వాలి. రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది. అంటే వాక్యూమ్ గిన్నెతో పని తొందరగా అయిపోతుంది, రెజిన్ గిన్నెతో మాత్రం రేపటిదాకా ఉంటుంది. రెండూ ఒకటే అయితే వాక్యూమ్ గిన్నె రాత్రంతా ఊరికే కూర్చోవాలి.

ఇక బరువు సంగతి. గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతోంది. లోపలా బయటా గాలి ఉన్నంత సేపూ మనకది తెలియదు. లోపలిది తీసేస్తే బయటిది ఒక్కటే మిగులుతుంది. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గిన్నె మూత మీద అప్పుడు 310 కిలోల బరువు కూర్చుంటుంది. 30 సెంటీమీటర్ల మూత మీద దాదాపు 700 కిలోలు. వెడల్పు రెండింతలైతే బరువు నాలుగింతలవుతుంది, అదే మందం ఉన్న మూత పదార్థం లోపల పుట్టే బిగువూ నాలుగింతలవుతుంది. "పెద్దది కొంటే రేపు పెద్ద ముక్కలకూ పనికొస్తుంది కదా" అనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

కుక్కరు గురించి అడిగినవాళ్ళు చెప్పే కారణం వినడానికి సబబుగానే ఉంటుంది. కుక్కరు అంత ఆవిరి ఒత్తిడిని ఓర్చుకుంటుంది కదా, వాక్యూమ్ ఎంత అని. ఇంట్లో వాడే కుక్కరు విజిల్ వేసేటప్పుడు లోపల అదనంగా ఉండే ఒత్తిడి దాదాపు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. వాక్యూమ్‌లోనూ అంతే. అంకె ఒకటే, దిక్కు మాత్రం వేరు. లోపలి నుంచి నెడితే గోడ సాగి ఇంకా గుండ్రంగా నిలబడుతుంది. బయటి నుంచి నెడితే, ఎక్కడ చిన్న సొట్ట ఉందో అక్కడే లోపలికి వంగుతుంది, వంగినకొద్దీ బలం తగ్గుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా నలిగిపోతుంది. బడిలో రేకు డబ్బాలో కాసిని నీళ్ళు పోసి మరిగించి, మూత బిగించి, పైన చన్నీళ్ళు పోసి చూపించిన ప్రయోగం గుర్తుందా? డబ్బా మెలితిరిగిపోతుంది. దాన్ని అలా నలిపింది మన చుట్టూ ఉన్న గాలే.

కుక్కరు ఒళ్ళు మందంగానే ఉంటుంది, చిన్నదైతే తట్టుకోవచ్చు. చిక్కంతా మూత దగ్గర. లోపలి నుంచి ఎక్కించే మూత ఉన్న కుక్కర్లలో, ఆవిరి మూతను పైకి నెట్టి అంచుకు అదుముతుంది. గాలి తీస్తే అదే మూత కిందికి లాగబడి అంచును వదిలేస్తుంది. బయటి నుంచి తిప్పి బిగించే మూతలోని రబ్బరు రింగు కూడా లోపలి ఒత్తిడికి ఉబ్బి అతుక్కునేలా చేసిందే. పైన వెయిట్ పెట్టే రంధ్రం, సేఫ్టీ వాల్వ్ కూడా ఒకే దిక్కున పనిచేస్తాయి. దాన్ని సరిచేద్దామని సీలెంట్లు పూసి, బిరడాలు బిగించి గంటలు గడిపినవాళ్ళు నాకు తెలుసు. కుక్కరే వాడాలనుకుంటే దాని మూత పక్కన పడేసి, అంచు చదునుగా రుద్ది, మీద మందమైన పలక పెట్టండి. అప్పుడది కుక్కరు కాదు, మందపాటి గిన్నె.

గాజు సీసాల గురించి ఎక్కువ రాయను. వద్దు, అంతే. ఊరగాయ సీసా, తేనె సీసా, కాఫీ పొడి సీసా ఏదైనా సరే. గాజులో కంటికి కనిపించని గీటు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. పగిలినప్పుడు ముక్కలు ముందు లోపలికి దూసుకుపోయి, ఒకదానికొకటి తగిలి, బయటికి చిమ్ముతాయి. పక్కనే మన మొహం ఉంటుంది, ఎందుకంటే బుడగలు చూడటానికి వంగి ఉంటాం. పదిసార్లు ఏమీ కాకపోవడం పదకొండోసారికి హామీ కాదు.

మరి దేన్ని వాడాలి? నా జవాబు మన రాయలసీమలో ప్రతి ఊళ్ళోనూ దొరికేదే. బోరు కేసింగ్ పైపు.

అవును, నీలిరంగు యూపీవీసీ కేసింగ్. మామూలు నీళ్ళ పైపు లోపలి ఒత్తిడిని దృష్టిలో పెట్టుకుని చేసింది. కేసింగ్ పైపు బయటి ఒత్తిడి కోసం చేసింది. బోరులో పై భాగంలో వదులు మట్టి కూలకుండా, చుట్టూ మట్టీ నీళ్ళూ నెట్టుకొస్తుంటే నలిగిపోకుండా నిలబడటమే దాని పని. పది మీటర్ల లోతు నీళ్ళు నెట్టే ఒత్తిడి, పూర్తి వాక్యూమ్‌లో బయటి గాలి నెట్టే ఒత్తిడి దాదాపు సమానం. ఈ పైపులకు ఐఎస్ 12818 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఉంది. అందులో 80 మీటర్ల వరకు సీఎస్, 250 వరకు సీఎం, 450 వరకు సీడీ అని లోతును బట్టి మూడు రకాలు. పైపు మీద ముద్ర వేసి ఉంటుంది, చదువుకోవచ్చు. ఆరు ఇంచుల సీఎం రకం ముక్క, ఏడెనిమిది మిల్లీమీటర్ల మందం గోడ, లోపల దాదాపు 15 సెంటీమీటర్ల వెడల్పు. పెన్నులకు, కత్తి పిడులకు, చిన్న చెక్క గిన్నెలు చేసే దిమ్మలకు అంతకంటే అక్కర్లేదు. మూత మీద పడే బరువు 175 కిలోల దగ్గరే ఆగుతుంది.

ఒక్క మాట. ఫెయిలైన బోరు నుంచి పీకిన కేసింగ్‌ను ఎవరైనా చవగ్గా ఇస్తామంటే తీసుకోవద్దు. కేసింగ్ పీకిన బోరు నోరు తెరుచుకుని ఉంటుంది. అందులో పిల్లలు పడిన వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు! వదిలేసిన బోర్లను పూడ్చాలని, మూతలు వేయాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన చెక్క పని కోసం ఒక గుంత తెరిచి పెట్టే పాపం మనకొద్దు. బోరు బండి వచ్చినచోట, లేదా కేసింగ్ అమ్మే అంగట్లో కొత్త పైపు కోసినప్పుడు మిగిలిన ముక్కలు దొరుకుతాయి, అడగండి. పొలం గట్టున ఏళ్ళ తరబడి ఎండకు పడి ఉన్న ముక్క కూడా పనికిరాదు. చేత్తో రుద్దితే సుద్దలా తెల్లగా అంటుకుంటే అది పెళుసెక్కినట్టే.

ముక్క 40 సెంటీమీటర్ల పొడుగుంటే చాలు. రెండు చివర్లూ నిటారుగా కోయించాలి. ఆ తర్వాత చేసే పనే అన్నింటికంటే ముఖ్యం, తొందరపడకూడనిది కూడా ఇదే. తాడిపత్రి వైపు నుంచి వచ్చే పాలిష్ గ్రానైట్ ముక్కలు టైల్స్ అంగళ్ళ బయట పడి ఉంటాయి. ఒకటి తెచ్చి బల్ల మీద పరిచి, దానిమీద ఉప్పుకాగితం నున్నగా అతికించండి. పైపు చివర అంతటా పెన్సిలుతో గీతలు గీసి, దాన్ని కాగితం మీద నిలబెట్టి గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. మొదట గీతలు ఒక పక్కనే చెరుగుతాయి, ఇంకో పక్క అలాగే ఉంటాయి. అంటే అక్కడ పల్లం. చేతి బరువు ఒకవైపు పడకుండా, రుద్దే ప్రతి కాసేపటికీ పైపును పావు చుట్టు తిప్పి పట్టుకుంటూ, గీత ఆనవాలే లేకుండా పోయేదాకా రుద్దాలి. తర్వాత సన్న కాగితంతో ఇంకోసారి. అంచు మీద వేలి గోరు తిప్పితే ఎక్కడా తగలకూడదు. ఈ పని శ్రద్ధగా చేసినవాళ్ళకు లీకుల బాధ ఉండదు. చెయ్యనివాళ్ళు ఎన్ని రకాల గ్యాస్కెట్లు (అంచు మీద పెట్టే మెత్తటి రింగులు) మార్చినా పంపు మోత వింటూ కూర్చోవాల్సిందే.

అడుగుకు పది మిల్లీమీటర్ల ఇనుప పలక, మూతకు పలక, రెండింటికీ పైపుకూ మధ్య సిలికాన్ షీటు నుంచి కోసిన రింగు. వెల్డింగు, బోల్టులు అక్కర్లేదు. గాలి తీయడం మొదలుపెట్టగానే బయటి గాలే రెండు పలకల్నీ పైపుకు అదిమి పెడుతుంది. మొదట్లో ఒక్క క్షణం మూతను చేత్తో నొక్కి పట్టుకుంటే చాలు.

"పీవీసీని రెజిన్ తినేయదా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చెక్కకు ఎక్కించే ఈ రెజిన్లు ఎక్కువగా మెథాక్రిలేట్ జాతివి. అవి చాలా ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తాయి. పైపులోనే నేరుగా రెజిన్ పోస్తే అనుమానపడాల్సిందే. పొయ్యకండి. లోపల ఇంకో డబ్బా పెట్టండి. పప్పులు పోసుకునే పొడుగాటి స్టీలు డబ్బా, పది సెంటీమీటర్ల వెడల్పుది. రెజిన్ అందులో, ముక్కలు అందులో.

ఆ లోపలి డబ్బా ఎంత పలచనిదైనా ఫర్వాలేదు. దాని లోపలా బయటా ఒకే వాక్యూమ్ ఉంటుంది కాబట్టి దానిమీద గాలి బరువు ఏమీ పడదు. ఒక్క షరతు, దాని మూత తీసి ఉంచాలి. అందుకే ఆ డబ్బాను బలం చూసి కొనే పని లేదు. ముక్క ఆకారానికి సరిపోయేలా ఎంచుకోవచ్చు. డబ్బు మిగిలేది ఇక్కడే.

లెక్క చూడండి. రెండు సెంటీమీటర్ల చదరం, పదమూడు సెంటీమీటర్ల పొడుగున్న పెన్ను ముక్కలు పది అనుకుందాం. అన్నీ కలిపి అరలీటరుకు కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాయి. 24 సెంటీమీటర్ల వంట గిన్నెలో వాటిని రెండు వరసలుగా పడుకోబెట్టి, పైన మూడు సెంటీమీటర్లు మునిగేలా రెజిన్ పోస్తే రెండున్నర లీటర్లకు పైగా కావాలి. పది సెంటీమీటర్ల డబ్బాలో నిలబెట్టి అంతే మునిగేలా పోస్తే ముప్పావు లీటరు చాలు. రెజిన్ ధర తెలిసినవాళ్ళకు ఈ తేడా గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టే కుర్రాడు ముప్పావు లీటరుతో మొదలుపెట్టగలడా, రెండున్నర లీటర్లు కొనలేక ఆగిపోతాడా అన్నది నాకు చిన్న విషయం కాదు.

పైన మూడు సెంటీమీటర్లు ఎందుకంటే, గాలి వదిలాక చెక్క రెజిన్‌ను తాగుతుంది, మట్టం దిగుతుంది. ముక్క కొస బయటపడితే అక్కడి నుంచి రెజిన్‌కు బదులు గాలి దూరుతుంది. చెక్క తేలుతుంది కాబట్టి పైన ఏదైనా స్టీలు బరువు పెట్టాలి. మట్టం పైన డబ్బాలో దాదాపు సగం ఖాళీ ఉంచాలి, ఎందుకంటే మొదటి నిమిషాల్లో నురగ పాలు పొంగినట్టు పొంగుతుంది. పొంగి పొర్లినా అది బయటి పైపు అడుగున పడుతుంది తప్ప పంపులోకి పోదు. ఒకే గిన్నెలో చేసేవాళ్ళకు ఈ వెసులుబాటు లేదు, నురగ నేరుగా పంపు నోటికే. రెజిన్ తాగిన పంపును బాగుచేయించడం కంటే కొత్తది కొనుక్కోవడం తేలిక.

ఇంకో లాభం రంగులతో పనిచేసేవాళ్ళకు. నీలం రెజిన్‌కు ఒక డబ్బా, ఎరుపుకు ఒకటి, రంగు లేనిదానికి ఒకటి. చింత చెక్క తన రంగును రెజిన్‌లోకి వదులుతుంది, దానికి ఇంకొకటి ఉంటే మరీ మంచిది. వాక్యూమ్ అయిపోగానే డబ్బాను బయటికి తీసి, మూత పెట్టి నాననిచ్చి, పైపులోకి రెండో డబ్బా దించొచ్చు. సగం రోజులో మూడు రంగుల పని నడుస్తుంది, పైపు మాత్రం శుభ్రంగానే ఉంటుంది.

ఎండాకాలంలో దీని విలువ ఇంకా పెరుగుతుంది. వేడికి గట్టిపడే రెజిన్‌ను రేకుల షెడ్డులో పెద్ద గిన్నె నిండా వదిలేయడం మంచిది కాదు. గట్టిపడేటప్పుడు అది తనంతట తానే వేడి పుట్టిస్తుంది, ఎక్కువ మొత్తం ఒకేచోట ఉంటే ఆ వేడి బయటికి పోలేదు. చిన్న డబ్బా అయితే ఇంట్లో చల్లని మూలకు తెచ్చి పెట్టుకోవచ్చు. పీవీసీ కూడా వేడికి మెత్తబడుతుంది, కాబట్టి పైపును నీడలోనే వాడాలి, మే నెల మధ్యాహ్నం ఎండలో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మూత గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. అది కనిపించేదై ఉండాలి. వాక్యూమ్ ఎంతుందో ముల్లుతో చూపే గేజి లేకున్నా పని నడుస్తుంది గానీ బుడగలు కనిపించకపోతే నడవదు. అంగళ్ళలో దొరికే రెడీమేడ్ వాక్యూమ్ గిన్నెలకు, అంటే ఛాంబర్లకు, ఎక్కువగా అక్రిలిక్ మూత ఉంటుంది. మెథాక్రిలేట్ రెజిన్ ఆవిరి, తుంపర్లు అక్రిలిక్‌ను తింటాయి. కొన్నాళ్ళకు లోపలి వైపు సాలెగూడులా సన్నటి గీతలు లేస్తాయి. గీతలు లేచిన మూతను ఆ రోజే తీసి పక్కన పెట్టాలి. 15 సెంటీమీటర్ల నోటికి 12 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ పలక బలానికి కావలసినంత ఉంటుంది. దానికీ రెజిన్ తగలకూడదు గానీ, అక్రిలిక్‌లా పెళుసుగా పగలదు. నన్నడిగితే అంతకంటే మంచిది ఇనుప మూత, అందులో పైపులైన్లకు వాడే గుండ్రటి సైట్ గ్లాస్ (లోపలికి చూసే గాజు కిటికీ) ఒకటి. ఐదు సెంటీమీటర్ల గాజు మీద పడేది 20 కిలోల బరువే, పైగా అది ఒత్తిడి కోసం చేసిన గాజు. టార్చి వేయడానికి ఇంకో చిన్న కిటికీ ఉంటే లోపలంతా కనిపిస్తుంది. వాల్వ్, గేజి, పంపు గొట్టం బిగించే రంధ్రాలు కూడా ఇనుములోనే పడతాయి, మరలు అరిగిపోవు.

ఇక మన ఊరి గేజి కథ. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం, అంటే దాదాపు 29.9 ఇంచులు. వీడియోల్లో "ముల్లు 29 దాటాలి" అని చెబుతుంటారు. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 340 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడే సుమారు 730 మిల్లీమీటర్లు. మనకు పూర్తి వాక్యూమ్ అంటే 28.7 ఇంచుల దగ్గర, అంతకు మించి ముల్లు కదలదు. కర్నూలులో 28.9 దాకా, కడపలో 29.4 దాకా. ఈ సంగతి తెలియక, 28 మీద ముల్లు ఆగిపోయిందని టెన్షన్ పడి పంపు మార్చినవాళ్ళున్నారు, గిన్నెను తిట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. గేజిని నేరుగా పంపు నోటికి బిగించి ఎంత చూపిస్తుందో చూడండి. పైపుకు బిగించినప్పుడు దాదాపు అంతే చూపిస్తే మీ పైపులో లోపం లేదు. తర్వాత వాల్వ్ మూసి, పంపు ఆపి, అరగంట వదిలేయండి. ముల్లు కదలకపోతే లీకు లేదు.

పంపు సంగతి క్లుప్తంగా: ఏసీ మెకానిక్కులు వాడే నూనె పంపు చాలు. నిమిషానికి ఎంత గాలి లాగుతుందనేది ఇంత చిన్న పాత్రకు లెక్కలోది కాదు, ఎంత లోతు వాక్యూమ్ దాకా పోగలదన్నదే ముఖ్యం. ఆపే ముందు వాల్వ్ మూయడం మాత్రం మరవకూడదు, లేకుంటే పంపులోని నూనె వెనక్కి వస్తుంది.

బుడగలు ఆగడమే లేదంటే కారణం రెండింటిలో ఒకటి. లీకు, లేదంటే చెక్కలో తడి. మన ఎండలకు ఆరిన చెక్కలో కూడా ఐదారు శాతం నీళ్ళుంటాయి, వానాకాలంలో అది రెండింతలవుతుంది. ఒత్తిడి తగ్గితే నీళ్ళు వేడి చేయకుండానే మరుగుతాయి. 40 డిగ్రీల వేడిలో 55 మిల్లీమీటర్ల ఒత్తిడి దగ్గరే మరిగిపోతాయి. అప్పుడు కనిపించే బుడగలు గాలి కావు, ఆవిరి. ఆ ఆవిరి పంపు నూనెలో కలిసి నూనె పాలలా తెల్లబడుతుంది. కాబట్టి ముక్కల్ని ముందు ఓవెన్లో 104 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఆరబెట్టి, బరువు తగ్గడం ఆగిందని తూచి చూసుకుని, గాలి చొరని కవరులో చల్లారనివ్వాలి. వేడి ముక్కను రెజిన్‌లో వేస్తే రెజిన్ డబ్బాలోనే గట్టిపడటం మొదలవుతుంది. అలా ఆరిన ముక్కలైతే బుడగలు మెల్లగా సన్నగిల్లి, చివరికి అక్కడొకటి ఇక్కడొకటిగా మిగులుతాయి. అదే ఆపాల్సిన సమయం.

ఏ చెక్క వాడాలన్నదానిమీద ఒక్క పేరా. మామిడి, చింత, నిద్రగన్నేరు, వేప, ఇవి పుచ్చు పట్టినా బుడిపెలున్నా రెజిన్‌ను బాగా తాగుతాయి. ఎర్రచందనం గురించి కడప కుర్రాళ్ళు కొందరు అడిగారు. శేషాచలం, పాలకొండ, లంకమల అడవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెద్దగా పెరగని చెట్టది. అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే దేశాల ఒప్పందం) ఆంక్షలున్నాయి, మన అటవీ చట్టాలు సరేసరి. చిన్న ముక్క కూడా ముట్టుకోవద్దు. పని పరంగా చూసినా దానికి రెజిన్ అవసరం లేదు. నీళ్ళలో వేస్తే మునిగేంత బరువైన చెక్కలో గాలి ఎక్కడుంది, రెజిన్ ఎక్కడికి పోతుంది?

నా వాదానికి ఎదురు చెప్పేవాళ్ళు రెండు మాటలంటారు. మొదటిది, రెడీమేడ్ ఛాంబరు కొనుక్కుంటే పోలేదా అని. డబ్బుంటే తప్పకుండా కొనుక్కోండి. మందమైన స్టీలు గిన్నె, రెజిన్‌ను తట్టుకుంటుందని తయారీదారు రాసిచ్చిన మూత ఉన్నది చూసుకోండి. అందులో కూడా లోపల డబ్బా పెట్టే వాడండి, రెజిన్ లెక్క అక్కడా అంతే. రెండోది, 20 సెంటీమీటర్ల చెక్క గిన్నెలు చేసేవాళ్ళ దిమ్మలు ఈ పైపులో పట్టవు అని. నిజమే, పట్టవు. వాళ్ళకు పెద్ద స్టీలు ఛాంబరే కావాలి, దాని మూత మీద కూర్చునే బరువుకు తగ్గ మందమూ కావాలి. కానీ వాళ్ళు కూడా దిమ్మను దిమ్మగానే ముంచకుండా, ముందు లేత్ మీద గిన్నె ఆకారానికి మోటుగా చెక్కి, మధ్యలో తొలిచేసి, ఆ తర్వాతే రెజిన్ ఎక్కించాలి. ఎలాగూ తొలిచి పారేసే చెక్కకు రెజిన్ తాగించడం దేనికి?

కొత్త పైపును మొదటిసారి వాడేముందు ఖాళీగానే పరీక్షించండి. పైన మందపాటి గోనెసంచి కప్పి, పంపు ఆన్ చేసి గది బయటికి వచ్చేయండి. అరగంట పూర్తి వాక్యూమ్‌లో ఉండనిచ్చి, పంపు ఆపి, గాలి వదిలాక గోడ మీద ఎక్కడైనా తెల్లటి మచ్చ, చీలిక, వంపు వచ్చాయేమో వెలుతురులో తిప్పి చూడండి. ఏ చిన్న అనుమానం ఉన్నా ఆ ముక్క పారేయండి, కేసింగ్ ముక్కకు కరువు లేదు. ఈ పైపులోకి కంప్రెసర్ గాలిని మాత్రం ఎప్పుడూ ఎక్కించవద్దు, లోపలి ఒత్తిడికి పీవీసీ పగిలితే ముక్కలు తూటాల్లా ఎగురుతాయి. పని చేసినంత సేపూ కళ్ళద్దాలు, చేతి తొడుగులు ఉండాలి, కిటికీలు తెరిచి ఉండాలి. ముక్కల్ని ఆరబెట్టడానికి, రెజిన్ గట్టిపరచడానికి వాడే ఓవెన్ వంటకు వాడేది కాకూడదు. లోపలి స్టీలు డబ్బా కూడా అంతే, ఒకసారి రెజిన్ పోశాక ఎంత కడిగినా వంటింటికి తిరిగి వెళ్ళకూడదు. దానిమీద పెయింటుతో రెజిన్ అని పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకు అందని అరలో పెట్టండి.